ప్రేమకథకు మన యిండ్లలో దొరికిన చోటు



నేటి ప్రసంగమునకు నేను గైకొన్న విషయము ప్రేమకథలు. ఈ మాట చెవిని బడగానే, ఈ వయస్సున మనకీ ముచ్చట లేల యని కొందరు నవ్వుకొందురేమో! నేను చెప్పబోవునది నాయికానాయకుల సరససల్లాపములు గావు. అది మన యిండ్ల చరిత్ర. శాసనములలో రాజుల దండయాత్రలు దొరకును. కైఫీయతులలో గ్రామముల సరిహద్దులు దొరకును. ఎనిమిదేండ్ల పిల్లకు తాళి కట్టిన యింటిలో ఆమె మనస్సుననుసరించి యేమి జరుగుటకు వీలుండెనో తెలిసికొనుటకు అట్టి పత్రములు చాలవు. అందుకు నాకు దొరికిన దారి యొకటి కలదు. పరదేశములలో పుట్టిన ప్రేమకథలను మనవారు తిరిగి చెప్పబూనినపుడు, వారు దేనిని కోసివేసిరో, దేనిని అంటుగట్టిరో చూచుట. బట్టను మరియొకరి యొడలికి సరిపరచు దర్జీ ఎక్కడ కత్తెర వేసెనో చూచిన, ఆ యొడలి కొలత తెలియును గదా.

ప్రేమకథకు ముఖ్యముగా కావలసినవి రెండు. ఈడువచ్చియు పెండ్లికాని పిల్ల యొకతె యుండవలెను. ఆమెయు నొక యువకుడును ఒకరినొకరు చూచుకొని మాటలాడుకొనుటకు చోటుండవలెను. ఆంగ్లేయుల నవలలలో ఈ చోటు సులభముగా లభించును. విందులు, నాట్యములు, చర్చికి పోవు త్రోవలు, పొరుగింటివారి తోటలు, ఎన్నియో కలవు. 1870 ప్రాంతమున మన గోదావరి మండలపు అగ్రహారములలో ఇట్టిదేదియు లేదు. పిల్ల కీడు రాకముందే కన్యాదానము జరిగిపోయెడిది. ఆమెకు తెలిసిన పురుషులు తండ్రి, అన్నదమ్ములు, మేనమామ, ఆపైన మగడు. కష్టించి బ్రతుకు కులములలో స్త్రీలు పొలములకును సంతలకును పోవుచుండిరి. పలుకరింపులకంత నిర్బంధము లేదు. మారుమనువు కూడ పెక్కు కులములలో ఆచారమై యుండెను. కాని తొలినాటి నవలాకారులు ఆ యిండ్ల గడప త్రొక్కలేదు. తమ వీధినే వ్రాసిరి. అది వారి లోపమనియే నా యభిప్రాయము.

కావ్యములలో ఈ చిక్కు లేదు. దుష్యంతుడు కణ్వాశ్రమమున శకుంతలను గాంధర్వమున వరించెను. హంసను దూతగా నంపి నలుడు దమయంతి మనస్సు దెలిసికొనెను. వరూధిని ప్రవరుని జూచి తానే వలచెను. వారు రాజులు, మునికన్యలు, అప్సరసలు. మన పొరుగింటివారు గారు గనుక ఎవ్వరికిని అభ్యంతరము లేదు. రాజమహేంద్రవరమున మధిర సుబ్బన్నదీక్షితకవిగారు వ్రాసిన కాశీమజిలీకథలు మీలో అనేకులు చదివియే యుందురు. మణిసిద్ధుడను యతియు, గోపాలుడను పసులకాపరియు కాశికి నడచిపోవుచు మజిలీ మజిలీకి ఒక కథ చెప్పుకొందురు. అందులో రాజకుమారులు ఎన్ని ద్వీపములలో ఎందరు కన్యలను వలచినను చదువరి నొసలు చిట్లింపడు. చదివిన పిమ్మట పుస్తకము మూసి, తన కూతునకు ఏడవయేట సంబంధము చూచుటకు బయలుదేరును. కథ వేరు, ఇల్లు వేరు.

ఆ రెంటిని ఒక్క గడపలోనికి తెచ్చినపుడు గదా అసలు పరీక్ష! 1872లో నరహరి గోపాలకృష్ణమ్మసెట్టిగారు శ్రీరంగరాజ చరిత్రమును ప్రకటించిరి. దానికి సోనాబాయి పరిణయమని మారుపేరు. రాజకుమారునకును లంబాడీలలో పెరిగిన పిల్లకును నడచిన ప్రేమ అందలి కథ. అనగా ప్రేమించుటకు ఈడువచ్చిన పిల్ల కావలసివచ్చి, ఆ రచయిత ఊరి బయటి తండాకు పోవలసివచ్చెను. ఊరిలోపల దొరకలేదు.

ఊరిలోపలికి వచ్చినవారు కందుకూరి వీరేశలింగం పంతులుగారు. ధవళేశ్వరమువద్ద గోదావరి చీలి మన కోనసీమను కౌగిలించుకొనును. కాటన్ దొరగారి ఆనకట్ట 1852లో పూర్తియైన దచ్చటనే. ఆ యూరినే రంగస్థలముగా జేసికొని పంతులుగారు రాజశేఖర చరిత్రమును రచించిరి. అది 1878లో వివేకవర్ధనిలో వెలువడ నారంభించి, 1880లో గ్రంథముగా వచ్చెను. ఆయన దానిని వచనప్రబంధమనిరి. నవల యను పేరు కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు పెట్టినది. దానికి ఆధారము ఆలివర్ గోల్డుస్మిత్ 1766లో ప్రకటించిన వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్ అను ఆంగ్ల నవల.

ఆ యాంగ్ల కథను క్లుప్తముగా చెప్పెదను. ప్రింరోజ్ అను మంచి పురోహితుడు, ఆయన భార్య, పిల్లలు. సంపద పోయి కుటుంబము వేరొక యూరికి చేరును. అచ్చటి భూస్వామి దుర్మార్గుడు; పెద్దకూతురు ఒలీవియాను మాయపెండ్లితో మోసగించును. ముసలి పురోహితుడు అప్పులకై చెరసాల పాలగును. బర్చెల్ అను పేరుతో బీదవానివలె వచ్చిపోవుచుండు ఒక మిత్రుడు తుదకు తానే ఆ ప్రాంతమునకు గొప్ప ప్రభువునని తెలియజేసి, అందరిని రక్షించి, చిన్నకూతురు సోఫియాను పెండ్లాడును. మాయపెండ్లి యనుకొన్నది నిజమైన పెండ్లియే యని తేలి, ఒలీవియా పరువు నిలుచును.

దీనిని పంతులుగారు ధవళేశ్వరమునకు తెచ్చినారు. పురోహితుడు రాజశేఖరుడయ్యెను. స్తోత్రపాఠకుల మాటలకు మురిసి, బంగారము చేసెదనన్న బైరాగిని నమ్మి, ఉన్నదెల్ల పోగొట్టుకొని, కుటుంబముతో కాశికని బయలుదేరును. చెరసాల యున్నది, శోభనాద్రిరాజను దుష్ట ప్రభువున్నాడు, రామరాజను మారుపేరుతో తిరుగు పెద్దాపుర ప్రభువు కృష్ణజగపతి యున్నాడు. ఇంతవరకు కొలతలు సరిపోయినవి. ఇక కూతుళ్ల దగ్గరకు వచ్చునప్పటికి కత్తెర పడినది.

మొదట పెద్దకూతురు రుక్మిణిని చూడుడు. ఒలీవియావలె ఆమెను ఒక భూస్వామి పెండ్లిమాటలతో మోసగించుటకు వీలులేదు. ఏలయన, ఆమెకు అదివరకే పెండ్లియైనది! అందుచేత పంతులుగారు ఆమె దుఃఖమును వేరుచోట వెదకిరి. భర్త నృసింహస్వామి దేశముపైకి పోయినాడు. అతడు చనిపోయినట్లు వార్త వచ్చును. ఆ వార్త కల్ల. అతడు బ్రదికియే యుండి తిరిగివచ్చును. ఇంగ్లండులో ఆడుపిల్లకు రాగల మహాపద మాయపెండ్లి; గోదావరి యొడ్డున మహాపద వైధవ్యము. అచ్చట పురోహితుడు నిజమైనవాడని తేలిన దుఃఖము తీరెను. ఇచ్చట మగడు బ్రదికినాడని తేలినగాని తీరదు. పుస్తకము వెలువడిన మరుసటి సంవత్సరమే, 1881 డిసెంబరు 11వ తేదీన, పంతులుగారు రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహమును జరిపించిరి. నవలలో మగనిని బ్రదికించి తెచ్చినవాడు, లోకములో మగడు తిరిగిరాని పిల్లలకు వేరుమార్గము చూపినాడు. నవలలోనే ఆ ధైర్యము చేయవలసినదని కొందరందురు. నేను చేయలేదేయని అనను. అదివరకు ఎవ్వరును నడువని త్రోవలో ఒకేసారి రెండడుగులు వేయుట కష్టము.

ఇంతకంటె విచిత్రమైనది రామరాజు సంగతి. గోల్డుస్మిత్ కథలో అతని స్థానమున నున్న బర్చెల్ చిన్నకూతురును పెండ్లాడును. ఆ కథకంతకు తియ్యదనము అదియే. మన రామరాజు రాజశేఖరుని కష్టము లన్నింటిని తీర్చును, దుష్టులను శిక్షించును, భూములను ఇప్పించును. కాని సీతను పెండ్లాడడు. ఎట్లు పెండ్లాడును? అతడు క్షత్రియుడు, ఆమె బ్రాహ్మణకన్య. ఆంగ్లేయ కథకు గుండెకాయ యైన ప్రేమ, మారుమాట లేకుండ, ఏ చదువరికిని లోటు తెలియకుండ మాయమైపోయినది. ఈ పుస్తకమును జె. ఆర్. హచిన్‌సన్ దొర ఆంగ్లములోనికి మార్చి 1887లో లండనులో ఫార్చూన్స్ వీల్ అను పేర ప్రకటించెను. తమ యింటినుండి పోయిన పిల్ల చీర కట్టుకొని తిరిగివచ్చినట్లు వారికి తోచి యుండవచ్చును.

ఇక వంగదేశపు కథ. శరత్‌చంద్ర చట్టోపాధ్యాయుని దేవదాసు 1917లో అచ్చుపడినది. తెనాలివారైన చక్రపాణిగారు మదనపల్లె శానిటోరియమున వంగభాష నేర్చి, శరత్తు నవలలను తెనిగించిరి. శరత్తు తెలుగువాడే యని నమ్మినవా రెందరో యుండిరని వాడుక. భాష సుకుమారముగా నున్నదని మాత్రమే ఇట్లు జరిగినదా? కాదని నా నమ్మకము. దేవదాసునకు పార్వతి నీయకపోవుటకు కారణమేమో జ్ఞాపకము చేసికొనుడు. రెండిండ్లు ప్రక్కప్రక్కనే యున్నవి, ఒకే కులము, చిన్ననాటి చెలిమి. కాని పార్వతి పుట్టినది పిల్లకు వెల పుచ్చుకొను ఇల్లు. కొనుటయు అమ్ముటయు గల యింటి పిల్లను జమీందారు కోడలుగా తెచ్చుకొనడు. ఆ తరువాత ఆమెను ఎవ్వరికిచ్చిరి? ఎదిగిన బిడ్డలున్న విధురుడగు భువన చౌదరికి. కన్యాశుల్కము, ముసలి మగడు! 1892లో ప్రదర్శింపబడి 1897లో అచ్చుపడిన గురజాడవారి నాటకమును ఎరిగిన తెలుగువారికి ఈ రెండును కొత్త విషయములా? లుబ్ధావధానులు గారిని చూచి కడుపుబ్బ నవ్విన జనమే పార్వతిని చూచి కంటతడి పెట్టినది. రోగమొక్కటే, ఒకరు దానిని నవ్వించి చూపిరి, వేరొకరు ఏడిపించి చూపిరి.

మా అమ్మమ్మగారిది అమలాపురము దగ్గరి పల్లె. ఎనిమిదవయేట పెండ్లియైనది. వ్రాయుట యంతగా రాదుగాని కూడబలుకుకొని చదువగలదు. వెన్నెల రాత్రులందు అరుగుమీద మాచేత చదివించుకొని వినుటయే యామెకు ఎక్కువ ఇష్టము. దేవదాసు చదివి ముగించిన నాడు మేమందరమును ముక్కులు చీదుకొనుచుండగా ఆమె కొంతసేపు ఊరకుండి, "ఒరేయ్, ఆ పిల్లకి మేనబావ లెవరూ లేకపోయారట్రా?" అని యడిగెను. మేము నవ్వితిమి. కాని ఆమె ప్రశ్నలో మన కథకుల రహస్యమంతయు నున్నది. దానికి మరల వత్తును.

1953లో వేదాంతం రాఘవయ్యగారి దర్శకత్వమున దేవదాసు చలనచిత్రమై వచ్చెను. నాగేశ్వరరావుగారు, సావిత్రిగారు ధరించిన ఆ పాత్రలనుగూర్చి నేను చెప్పనక్కరలేదు. పాటలకు స్వరములు కూర్చిన సుబ్బరామన్‌గారు చిత్రము విడుదలకు ముందే స్వర్గస్థులైరి. 1974లో ఆ కథయే మరల తీయబడెను. వంగదేశపు పల్లె పేరు మార్చినను, చెరువుగట్టు మార్చినను, తగవు మార్చనక్కర లేకపోయెను.

ఈ నడుమ మన కోనసీమ సొంత కథ యొకటి యున్నది. అడివి బాపిరాజుగారి నారాయణరావు. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తువారు పెట్టిన నవలల పోటీలో విశ్వనాథవారి వేయిపడగలతో బహుమానము పంచుకొన్న నవల యది. నాయకుడు కొత్తపేటవాడు, సంపన్నుడైన సుబ్బరాయుడుగారి కొడుకు, చదువుకొన్నవాడు, దేశభక్తుడు. కథ రైలుబండిలో ప్రారంభమగును. ఒక జమీందారుగారు ఆ బండిలో ఈ యువకుని జూచి ముచ్చటపడి, తన కూతురు శారదకు ఇతడే తగిన వరుడని నిశ్చయించుకొందురు. నాడు కోనసీమలోనికి రైలు లేదు సుమండీ. కొత్తపేటవాడు రైలెక్కవలెనన్న గోదావరి దాటవలసినదే.

ఇందులో ప్రేమ యెక్కడ నున్నదో గమనింపుడు. వరుని చూచి వలచినవారు మామగారు! పిల్ల కాదు. పెండ్లి వైభవముగా జరుగును. శారదకు మగనిపై మనస్సు లేదు. ఆమె తల్లి పక్షమువారికి జగన్మోహనరావను జమీందారీ బంధువుపై మక్కువ. పాశ్చాత్య నవలలలో కథ పెండ్లితో ముగియును. బాపిరాజుగారి నవలలో అసలు కథ పెండ్లితో మొదలగును. భర్త బలవంతము చేయడు, అధికారము చూపడు, సంవత్సరముల తరబడి ఓరిమితో నిరీక్షించును. తాళి కట్టినవాడు భార్య మనస్సుకై వేచియుండవలెనను ఊహ ఆనాడు ఎంత కొత్తదో మీలో తలనెరసినవారికి తెలియును. నవల ఏ యొక్క పరదేశ కథకును మారురూపు గాకున్నను, పాశ్చాత్య ప్రేమకథ యంతటికి కోనసీమ చెప్పిన సమాధాన మిదియే యని నేను తలంతును. పెండ్లికి ముందు చోటు లేకున్న, పెండ్లికి తరువాత చోటు చేసికొందము! నారాయణరావు మరీ గుణవంతుడు, విసుగు పుట్టునంత గుణవంతుడు, అను ఆక్షేపణ నేనును ఒప్పుకొందును. అతనికి ఒక్క దురభ్యాసమైన నుండిన బాగుండెడిది.

ఆ నవల వచ్చిన కాలమునుగూడ మనసున నుంచుకొనవలెను. శారదాచట్టము 1929లో పుట్టి 1930 ఏప్రిల్ ఒకటవ తేదీనుండి అమలులోనికి వచ్చెను. పదునాలుగేండ్లు నిండని పిల్లకు పెండ్లి చేయరాదు. అప్పుడు మనవారేమి చేసిరి? గౌతమి ప్రక్కనే యానాము. అది ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను. ఆంగ్లేయుల చట్టము అచ్చట చెల్లదు. మేళతాళములతో, పసిపిల్లలతో, పెండ్లివారు అచ్చటికి పోయి ముహూర్తములు జరిపించుకొనిరి. ఆ యూరికి కల్యాణపురమను పేరే వచ్చినది. ఒక వైపున, పిల్ల మనస్సుకై వేచియుండు కొత్తపేట నాయకుడు పుస్తకములలోనికి వచ్చుచుండెను. వేరొకవైపున, పిల్లకు మనస్సు ఏర్పడకముందే ముడి వేయుటకు కుటుంబములు ఎల్ల దాటుచుండెను. మన తాతలలో కొందరు ఆ పుస్తకము చదివి మెచ్చుకొని, ఈ పడవయు నెక్కియుందురు. వారిని నిందించుటకు చెప్పుటలేదు. ఈ రెండును ఒకే కాలమున, ఒకే సీమలో, బహుశః ఒకే యింటిలో జరిగినవని చెప్పుచున్నాను.

ఇక మా అమ్మమ్మగారి ప్రశ్న. మన యిండ్లలో పెండ్లికాని పిల్ల చనువుగా మాటలాడుటకు, ఎగతాళి చేయుటకు, అలుగుటకు, అలక తీర్పించుకొనుటకు పెద్దలే అనుమతించిన పురుషుడొక్కడు కలడు. వాడు బావ. మేనత్త కొడుకు, మేనమామ కొడుకు. ఆంగ్లేయులకు నాట్యశాల యెట్టిదో మనకు మేనరికమట్టిది. చట్టము పెండ్లి యీడును పెంచిన పిమ్మట, ఈడువచ్చిన పిల్లలు ఇండ్లలో కనబడసాగిన పిమ్మట, కథకుల దృష్టి ఈ బావలపై బడుట సహజము. వారపత్రికల నవలల కాలమున దీనిని చక్కగా వాడుకొన్నవారు యద్దనపూడి సులోచనారాణిగారు. కృష్ణాజిల్లా కాజలో 1940లో జన్మించి, 2018లో అమెరికాలో పరమపదించిరి. ఆమె నవలలకై ఆడువారు పత్రిక వచ్చు దినమును లెక్కించుకొనుచుండెడివారు. మగవారు పైకి ఎగతాళి చేసి, లోపల చదివెడివారు.

ఆమె నవల మీనా. పట్టణములో ధనవంతురాలగు తల్లి కట్టుబాటులో పెరిగిన పిల్ల, పల్లెలోని బంధువుల యింటికి వచ్చును. అచ్చట బావను ప్రేమించును. 1973లో విజయనిర్మలగారి దర్శకత్వమున అది చలనచిత్రమయ్యెను. నలువది మూడు సంవత్సరములకు, 2016లో, త్రివిక్రముగారు తీసిన అ ఆ యను చిత్రము వచ్చినపుడు, ఇది మీనా కథయే యని పాత చదువరులు పోల్చుకొనిరి. కార్లు మారినవి, బట్టలు మారినవి, చేతిలో చరవాణి వచ్చినది. తల్లి పట్టుదలయు, పల్లెటింటి సందడియు, పిల్ల మనస్సు మారిన విధమును అట్లే యున్నవి.

ఆ కథను మరల చెప్పినవారు పెక్కు మార్చిరిగాని, పిల్లవాని వరుస మాత్రము మార్చలేదు. బర్చెల్ వంటివానిని, ఊరు పేరు తెలియనివానిని, వేరు కులమువానిని ఆ స్థానమున నుంచినచో కథ యంతయు వారి తగవుతోనే నిండిపోయెడిది. బావ యన్న మాట యొక్కటి యుండుటచేత, పిల్లవాని కులమునుగూర్చి, ఇంటిపేరునుగూర్చి, చూచువారిలో నొక్కరైనను అడుగవలసిన పని లేకపోయెను.